గడప దగ్గర పదమూడేళ్ళు: ఐర్లాండ్ సహాయ మంత్రి టామ్ కిట్ రాజకీయ జీవితం

2009 ఏప్రిల్‌లో ఐర్లాండ్ ప్రధాని బ్రయన్ కోవెన్ తన సహాయ మంత్రులందరి చేతా ఒకేసారి రాజీనామా చేయించారు. బ్యాంకులు కుప్పకూలాయి, ప్రభుత్వోద్యోగుల జీతాలకు కోత పడుతోంది, ఇలాంటప్పుడు 20 మంది సహాయ మంత్రులెందుకని జనం గట్టిగా అడుగుతున్నారు. కొత్త జాబితా 15 మందితో వచ్చింది. పాత జాబితాలో ఉన్న మైకేల్ కిట్ పేరు అందులో లేదు. కొత్తగా చేరిన వారిలో ఆయన చెల్లెలు ఆన్య బ్రేడీ ఉన్నారు.

ఆ కుటుంబానికి ఇది కొత్త కాదు. 1992 ఫిబ్రవరిలో చార్లెస్ హాహీ దిగిపోయి ఆల్బర్ట్ రేనాల్డ్స్ ప్రధాని అయినప్పుడు, ప్రధాని కార్యాలయంలో సహాయ మంత్రిగా ఉన్న ఇదే మైకేల్ పదవి పోయింది. అదే కార్యాలయానికి సహాయ మంత్రిగా ఆయన తమ్ముడు టామ్ కిట్ వచ్చారు. వీళ్ళ తండ్రి మైకేల్ ఎఫ్. కిట్ కూడా 1970 నుంచి 1973 వరకు పార్లమెంటరీ సెక్రటరీగా చేశారు. సహాయ మంత్రి హోదాకు అప్పట్లో ఉన్న పేరు అదే. తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు, నలుగురూ మంత్రివర్గం గడప దాకా వచ్చారు. ఒక్కరు కూడా లోపల కుర్చీ వేసుకుని కూర్చోలేదు.

ఆ గడప దగ్గర అందరికంటే ఎక్కువ కాలం నిలబడింది టామ్ కిట్. 1992 నుంచి 1994 దాకా ఒక విడత, 1997 నుంచి 2008 దాకా మరో విడత. రెండూ కలిపితే 13 ఏళ్ళు దాటుతుంది. ఐదుగురు ప్రధానుల పాలన చూసిన ఈ కుటుంబంలో ఆయనొక్కరి ప్రయాణం గమనించినా చాలు, ఐర్లాండ్ ప్రభుత్వం లోపల పని ఎవరు చేస్తారో, పేరు ఎవరికి వెళుతుందో అర్థమవుతుంది.

ముందు ఆ పదవి సంగతి. ఐర్లాండ్ రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వంలో ఏడుగురికి తగ్గకుండా, 15 మందికి మించకుండా సభ్యులుండాలి. ప్రధాని కూడా ఆ 15 మందిలో ఒకరే. అక్కడి భాషలో ప్రధానిని టీషక్ అంటారు. భారతీయ మూలాలున్న లియో వరాద్కర్ ఆ పదవిలో ఉన్న రోజుల్లో మన పత్రికల్లోనూ ఈ మాట అప్పుడప్పుడూ కనిపించింది. మన దగ్గర కేంద్ర సహాయ మంత్రి రాష్ట్రపతి ఎదుట ప్రమాణం చేసి మంత్రిమండలిలో సభ్యుడవుతాడు. మంత్రుల సంఖ్య లోక్‌సభ బలంలో 15 శాతం మించకూడదన్న లెక్కలో ఆయన్నీ కలుపుతారు. ఐర్లాండ్‌లో సహాయ మంత్రిది వేరే దారి. ప్రధాని పేరు చెబుతారు, ప్రభుత్వం నియమిస్తుంది. దేశాధ్యక్షుడి ప్రమేయం ఉండదు. రాజ్యాంగం దృష్టిలో సహాయ మంత్రి ప్రభుత్వంలో సభ్యుడు కాడు.

రాజ్యాంగంలో గట్టిగా నాటిన ఆ 15 అనే సంఖ్యను కదపాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. సహాయ మంత్రుల సంఖ్యకు మామూలు చట్టం చాలు. అందుకే ఆ సంఖ్య పెరుగుతూ పోయింది. 1924 చట్టం ఏడుగురు పార్లమెంటరీ సెక్రటరీలకు చోటిచ్చింది. 1977లో ఆ పదవి తీసేసి, పది మంది సహాయ మంత్రులను పెట్టుకోవచ్చన్నారు. 1980లో 15, 1995లో 17, 2007లో 20. కోవెన్ 2009లో 15కు తగ్గించారు కానీ అది నిలవలేదు. 2025లో చట్టం మళ్ళీ మార్చి పరిమితిని 23 చేశారు. సంకీర్ణ ప్రభుత్వాలు మామూలైపోయిన దేశంలో ప్రతి భాగస్వామికీ, ప్రతి ప్రాంతానికీ ఏదో ఒకటి ఇవ్వాలి. పెద్ద కుర్చీలు 15 దాటవు కాబట్టి చిన్న కుర్చీలు పెరుగుతాయి.

మరి ఆ చిన్న కుర్చీకి అధికారం ఎంత? శాఖ మంత్రి అధికారాల్లో కొన్నింటిని ప్రభుత్వం ఒక ఉత్తర్వు ద్వారా సహాయ మంత్రికి అప్పగిస్తుంది. ఫలానా చట్టంలోని ఫలానా పనులు ఇకపై ఈయన చూస్తారని అందులో రాసి ఉంటుంది. అప్పగించాక కూడా ఆ అధికారం శాఖ మంత్రి దగ్గర అలాగే ఉంటుంది. పైన పర్యవేక్షణ ఆయనదే, పార్లమెంటుకు జవాబుదారీ ఆయనే. సహాయ మంత్రి బిల్లు తయారు చేయించవచ్చు, సభలో దాన్ని క్లాజు క్లాజుగా నడిపించవచ్చు, సవరణలకు జవాబు చెప్పవచ్చు. ఆ బిల్లు తేవాలా వద్దా అని నిర్ణయించే బల్ల దగ్గర మాత్రం ఆయనకు చోటు లేదు.

టామ్ కిట్ పుట్టింది 1952లో, పశ్చిమాన గాల్వే కౌంటీలో. చదువు ట్యూమ్ పట్టణంలోని సెయింట్ జార్లత్స్ కాలేజీలో, ఆ తర్వాత డబ్లిన్‌లో టీచర్ ట్రైనింగ్. ప్రైమరీ స్కూల్ టీచర్‌గా ఉద్యోగం. 1974 డిసెంబరులో తండ్రి పోయారు. మరుసటి మార్చిలో జరిగిన ఉపఎన్నికలో తండ్రి స్థానం పెద్ద కొడుకు మైకేల్‌కు దక్కింది. సొంత ఊళ్ళో అన్న ఉండగా తమ్ముడికి అక్కడ దారి లేదు. టామ్ రాజకీయం డబ్లిన్‌లో మొదలైంది. 1979లో డబ్లిన్ కౌంటీ కౌన్సిల్‌కు, 1987లో డబ్లిన్ సౌత్ నియోజకవర్గం నుంచి దిగువ సభ డాయిల్‌కు ఎన్నికయ్యారు. పార్టీ ఫియానా ఫాయిల్.

డబ్లిన్ సౌత్ దగ్గర కాస్త ఆగాలి, ఆయన జీవితానికి అసలు తాళం అక్కడే పడింది. ఐర్లాండ్‌లో ఒక నియోజకవర్గానికి ఒకే సభ్యుడు ఉండరు, ముగ్గురి నుంచి ఐదుగురు దాకా ఉంటారు. ఓటరు తనకు నచ్చిన క్రమంలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాడు. కాబట్టి ఒకే పార్టీ నుంచి ఇద్దరు ముగ్గురు పోటీ చేస్తారు. పక్క పార్టీవాడితో పోరు ఒక ఎత్తు, సొంత పార్టీవాడితో పోటీ ఇంకో ఎత్తు. డబ్లిన్ సౌత్‌కు ఐదు సీట్లు. అక్కడ టామ్ కిట్ పక్కనే ఉన్న మరో ఫియానా ఫాయిల్ నాయకుడు షేమస్ బ్రెనన్. ఆయనా గాల్వే మనిషే. 1973లో, పాతికేళ్ళ వయసులో పార్టీ జనరల్ సెక్రటరీ అయినవాడు. 1981 నుంచీ డబ్లిన్ సౌత్ సభ్యుడు, 1989లోనే కేబినెట్ మంత్రి. ఒకే పార్టీ, ఒకే నియోజకవర్గం, ఒకే కౌంటీ మూలాలు, కానీ బ్రెనన్ ఆరేళ్ళు ముందు వచ్చారు.

15 కుర్చీలను దేశమంతా పంచే ప్రధాని ఒకే నియోజకవర్గానికి తన పార్టీ తరఫున రెండు ఇవ్వడం అరుదు. పల్లె ప్రాంతాలు, పశ్చిమ తీరం, సరిహద్దు జిల్లాలు అన్నీ తమ వాటా అడుగుతాయి. టామ్ కిట్ కేబినెట్‌లోకి వెళ్ళకపోవడానికి ఇదొక్కటే కారణమని తేల్చలేం. కానీ ఇది లేకుండా ఆ కథ అర్థం కాదు.

మొదటి విడతలో ఆయన ప్రధాని కార్యాలయంలో పనిచేశారు, తర్వాత యూరోపియన్ వ్యవహారాలు చూశారు. 1994 చివర్లో ఫియానా ఫాయిల్, లేబర్ పార్టీల కూటమి విడిపోయింది. ఎన్నికలు లేకుండానే ప్రత్యర్థులు అధికారంలోకి వచ్చారు. రెండున్నరేళ్ళ ప్రతిపక్షం తర్వాత 1997 వేసవిలో బెర్టీ అహెర్న్ ప్రధాని అయ్యారు. టామ్ కిట్‌కు పరిశ్రమలు, వాణిజ్యం, ఉపాధి శాఖలో కార్మిక, వాణిజ్య, వినియోగదారుల వ్యవహారాలు అప్పగించారు. ఆ శాఖ మంత్రి మేరీ హార్నీ. కూటమిలో చిన్న భాగస్వామి అయిన ప్రోగ్రెసివ్ డెమొక్రాట్స్ నాయకురాలు, ఉపప్రధాని కూడా ఆమే.

2002 వరకు సాగిన ఆ ఐదేళ్ళూ ఆయన పనిలో బరువైన కాలం. అంతకుముందు ఐర్లాండ్‌లో దేశమంతటికీ వర్తించే కనీస వేతనం లేదు. కొన్ని రంగాలకు మాత్రమే కమిటీలు రేట్లు కట్టేవి. 1998లో ఒక కమిషన్ గంటకు 4 పౌండ్ల 40 పెన్నీలు ఉండాలని సిఫారసు చేసింది. ఉద్యోగాలు పోతాయని యజమానులు భయపడ్డారు, ఇది చాలదని యూనియన్లు అన్నాయి. 2000 ఏప్రిల్ 1న అదే రేటుతో చట్టం అమల్లోకి వచ్చింది. నిరుద్యోగం 5 శాతం కంటే కిందకు దిగిన రోజులవి. భయపడినట్టు ఏమీ జరగలేదు. 2025లో ఆ కనీస వేతనం గంటకు 13 యూరోల 50 సెంట్లు. డబ్లిన్‌లోనో కార్క్‌లోనో మాస్టర్స్ చేస్తూ, కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు సూపర్ మార్కెట్‌లోనో రెస్టారెంట్‌లోనో పనిచేసే తెలుగు విద్యార్థి పే స్లిప్ మీద కనిపించే అంకెకు మూలం ఆ చట్టమే. చరిత్రలో దాని పక్కన రాసే పేరు మేరీ హార్నీది. ఆమె శాఖ మంత్రి కాబట్టి అది న్యాయమే. కార్మిక వ్యవహారాలు రోజువారీగా చూసిన సహాయ మంత్రి పేరు మాత్రం ఆ కాలం సభా రికార్డులు తిరగేసేవారికే కనిపిస్తుంది.

కాపీరైట్ చట్టం ఇంకా మంచి ఉదాహరణ. ఐర్లాండ్‌లో అప్పటికి అమల్లో ఉన్నది 1963 నాటి చట్టం. అందులో కంప్యూటర్ ప్రోగ్రామ్ అన్న ఊహే లేదు. 1990ల చివరికి ఆ దేశం సాఫ్ట్‌వేర్ ఎగుమతుల్లో ప్రపంచంలో ముందు వరసకు చేరింది. పెద్ద అమెరికన్ కంపెనీలు అక్కడ స్థావరం పెట్టాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ మేధోసంపత్తి ఒప్పందం అభివృద్ధి చెందిన దేశాలకు 1996 నుంచే వర్తించాలి. ఐర్లాండ్ ఆలస్యం చేస్తోందని 1997లో అమెరికా ఆ సంస్థలో ఫిర్యాదు వేసింది. 1998లో తాత్కాలికంగా ఒక చిన్న చట్టం చేసి, పూర్తి చట్టం తెస్తామని ఐర్లాండ్ మాటిచ్చింది. ఆ పూర్తి చట్టాన్ని పార్లమెంటులో నడిపించే పని టామ్ కిట్ మీద పడింది. 370కి పైగా సెక్షన్లు. రచయితలు, సంగీతకారులు, ప్రసార సంస్థలు, లైబ్రరీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, అందరికీ అందులో ఏదో ఒక పట్టింపు ఉంది. 2000 జులైలో చట్టమై, 2001 జనవరి 1న అమల్లోకి వచ్చింది. తర్వాత ఎన్నో సవరణలు జరిగాయి, అయినా ఐర్లాండ్ కాపీరైట్‌కు నేటికీ పునాది అదే. ఆయన కొడుకు డేవిడ్ కిట్ సంగీతకారుడిగా పేరు తెచ్చుకుంటున్నది సరిగ్గా ఆ ఏళ్ళలోనే.

ఇలాంటి పని కేబినెట్ మంత్రికి కుదరదు. వందల సెక్షన్లున్న బిల్లును కమిటీ గదిలో కూర్చుని, ప్రతి సవరణకూ జవాబు చెబుతూ నడపాలంటే ఒక మనిషి తన రోజులన్నీ దానికే ఇవ్వాలి. హెడ్‌లైన్లు రావు, ఓట్లూ రావు. నియోజకవర్గంలో ఇంటింటికీ తిరిగేటప్పుడు కాపీరైట్ గురించి అడిగేవాళ్ళు ఉండరు. సహాయ మంత్రి పదవిని అలంకారప్రాయం అని కొట్టిపారేసేవాళ్ళు ఈ గంటలను లెక్కలోకి తీసుకోరు. అది అన్యాయం.

2002లో మళ్ళీ గెలిచాక ఆయన్ని విదేశాంగ శాఖకు పంపారు. విదేశీ అభివృద్ధి సహాయం, మానవ హక్కులు ఆయన బాధ్యత. అంతకుముందు ఐదేళ్ళు ఆ పదవిలో ఉన్నది లిజ్ ఓడొనెల్. ఆమెదీ డబ్లిన్ సౌతే, పార్టీ ప్రోగ్రెసివ్ డెమొక్రాట్స్. 2007లో ఇదే పదవికి అన్న మైకేల్ వచ్చారు. 1997 నుంచి 2008 దాకా ఆ పదవి చేసిన నలుగురిలో ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు ఒకే నియోజకవర్గం వాళ్ళు.

టామ్ కిట్ ఆ కుర్చీలోకి వచ్చేసరికి దాని మీద ఒక పెద్ద మాట బరువు ఉంది. 2000 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి మిలీనియం సదస్సులో ప్రధాని అహెర్న్ నిలబడి, 2007 నాటికి జాతీయాదాయంలో 0.7 శాతం పేద దేశాల సహాయానికి ఇస్తామని ప్రకటించారు. 2002లో ఐర్లాండ్ ఇస్తున్నది 0.4 శాతం దగ్గర. ఆ దూరం దాటించే డబ్బు విదేశాంగ సహాయ మంత్రి చేతిలో ఉండదు, ఆర్థిక మంత్రి చేతిలో ఉంటుంది. బడ్జెట్ బల్ల దగ్గర సహాయ మంత్రికి కుర్చీ లేదు. మాట ఇచ్చింది ప్రధాని, డబ్బు పట్టుకున్నది ఆర్థిక మంత్రి, స్వచ్ఛంద సంస్థల ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది టామ్ కిట్. రెండేళ్ళూ లక్ష్యం అందుకుంటామనే చెబుతూ వచ్చారు. ఆయన ఆ శాఖ వదిలిన కొద్ది వారాలకే, 2004 శరదృతువులో, 2007 గడువు అందుకోలేమని ప్రభుత్వం ఒప్పుకుంది. 2005లో గడువును 2012కు జరిపారు. అదీ కుదరలేదు. 2008లో 0.59 శాతం దాకా వెళ్ళి, ఆర్థిక సంక్షోభంతో వెనక్కి పడింది.

అలాగని ఆ రెండేళ్ళూ ఖాళీగా పోలేదు. ఇథియోపియా, లెసోతో, మొజాంబిక్, టాంజానియా, ఉగాండా, జాంబియాలతో సాగే దీర్ఘకాల కార్యక్రమాల సరసన 2003లో తూర్పు టిమోర్ చేరింది. 2004 మొదటి ఆరు నెలలు యూరోపియన్ యూనియన్ అధ్యక్ష స్థానం ఐర్లాండ్‌ది కావడంతో అభివృద్ధి వ్యవహారాల చర్చల భారం ఆయన మీదే పడింది.

2004 సెప్టెంబరులో పునర్వ్యవస్థీకరణ. టామ్ కిట్ ప్రభుత్వ చీఫ్ విప్ అయ్యారు. సహాయ మంత్రుల్లో ఇది అన్నిటికంటే పై మెట్టు. చీఫ్ విప్ కేబినెట్ సమావేశానికి హాజరవుతారు, ఓటు ఉండదు. ఈ వారం ఏ బిల్లు ముందు, ఏది వెనక, ఎవరు ఊళ్ళో లేరు, ఎవరు అలిగారు, ప్రతిపక్షంలో ఎవరితో జత కట్టి ఇద్దరి గైర్హాజరునూ సరిచేయాలి, ఇదంతా ఆయన లెక్కే. 2007 ఎన్నికల తర్వాత ఈ లెక్క కష్టమైంది. 166 మంది సభలో ఫియానా ఫాయిల్ బలం 78. ఆరుగురు గ్రీన్స్, ఇద్దరు ప్రోగ్రెసివ్ డెమొక్రాట్స్, కొందరు స్వతంత్రులు కలిస్తేనే మెజారిటీ. మరోవైపు అహెర్న్ సొంత ఆర్థిక లావాదేవీల మీద విచారణ కమిషన్ ముందు ప్రశ్నలు ఎదుర్కొంటున్నారు. విప్‌గా ఆ టెన్షన్ మోయడం చిన్న విషయం కాదు.

కేబినెట్‌లో కూర్చునే సహాయ మంత్రులు చీఫ్ విప్ ఒక్కరే కాదు. 1994లో డెమొక్రాటిక్ లెఫ్ట్ పార్టీకి చెందిన ప్యాట్ రాబిట్‌తో మొదలై, సంకీర్ణాల అవసరం కొద్దీ మరికొందరు సహాయ మంత్రులను లోపల కూర్చోబెట్టడం ఆనవాయితీ అయింది. పత్రికలు వాళ్ళకు సూపర్ జూనియర్లని పేరు పెట్టాయి. రాజ్యాంగం 15 మందే అంటుంటే ఇంకొందరు లోపల ఎలా కూర్చుంటారన్న ప్రశ్న 2025లో హైకోర్టు దాకా వెళ్ళింది. న్యాయమైన ప్రశ్న అది. ఓటు లేకపోయినా, చర్చ వినేవాడికీ వినని వాడికీ చాలా తేడా ఉంటుంది.

చీఫ్ విప్ పదవి ఆ రోజుల్లో కేబినెట్‌కు నిచ్చెన. 1997 నుంచి 2002 వరకు చీఫ్ విప్ షేమస్ బ్రెనన్, అక్కణ్ణుంచి నేరుగా రవాణా మంత్రి. ఆయన తర్వాత మేరీ హనఫిన్ రెండేళ్ళు చేసి విద్యా మంత్రి అయ్యారు. మూడోవారు టామ్ కిట్. నాలుగోవారు ప్యాట్ కేరీ, 2008లో వచ్చి 2010లో కేబినెట్‌కు వెళ్ళారు. వరుసగా నలుగురు. వారిలో మూడోవారి దగ్గర మాత్రమే నిచ్చెన విరిగింది.

2007 ప్రభుత్వం ఏర్పడిన తీరు చూస్తే కారణం కొంత తెలుస్తుంది. డబ్లిన్ సౌత్ ఐదుగురు సభ్యుల్లో బ్రెనన్ కేబినెట్ మంత్రి. గ్రీన్స్ పార్టీ ఏమన్ రయన్ కూడా కేబినెట్ మంత్రి. అదే నియోజకవర్గంలో మూడో వ్యక్తిని కేబినెట్‌లోకి తీసుకుంటే మిగతా దేశం ఊరుకోదు. టామ్ కిట్ విప్‌గానే కొనసాగారు.

2008 మే నెలలో తలుపు ఒక్కసారి తెరుచుకున్నట్టు కనిపించింది. అహెర్న్ రాజీనామా చేశారు. కోవెన్ కొత్త కేబినెట్ వేసుకుంటున్నారు. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్న బ్రెనన్ తనను తీసుకోవద్దని తప్పుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ముందున్న మనిషి పక్కకు జరిగాడు. కానీ కొత్తగా కేబినెట్‌లోకి వెళ్ళిన సహాయ మంత్రులు కావన్ నుంచి బ్రెండన్ స్మిత్, కార్క్ నుంచి బాట్ ఓకీఫ్. ఇద్దరూ సహాయ మంత్రులైంది 2004లో. టామ్ కిట్ అప్పటికే పదేళ్ళ అనుభవం ఉన్న మనిషి. వాళ్ళు సమర్థులే, పైగా కావన్‌కూ కార్క్‌కూ వాటా దక్కింది. అయినా ఆ క్షణాన అనుభవానికి దక్కిన విలువ ఎంత తక్కువో చూస్తే బాధ కలుగుతుంది.

అప్పటికి టామ్ కిట్‌కు 55 ఏళ్ళు. సహాయ మంత్రి పదవులకు దూరం జరిగి వెనక బెంచీకి వెళ్ళారు. తర్వాతి ఎన్నికల్లో మళ్ళీ పోటీ చేయలేదు. ఆ జులైలోనే బ్రెనన్ చనిపోయారు. 2009 ఉపఎన్నికలో ఆయన సీటు ప్రతిపక్షం ఎగరేసుకుపోయింది.

2011 ఫిబ్రవరిలో ఎన్నికలొచ్చాయి. బ్యాంకుల పతనానికీ, అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర చేయి చాపాల్సి వచ్చినందుకూ జనం ఫియానా ఫాయిల్‌ను నిర్దాక్షిణ్యంగా శిక్షించారు. 78 సీట్ల పార్టీ 20కి పడిపోయింది. బ్రెనన్, కిట్ కలిసి రెండు దశాబ్దాలు పెంచిన డబ్లిన్ సౌత్‌లో ఆ పార్టీకి ఒక్కటీ రాలేదు. ఉత్తర కిల్డేర్‌లో ఆన్య బ్రేడీ ఓడిపోయారు. మిగిలిన ఆ 20 మందిలో ఒకరు మైకేల్ కిట్. కొత్త సభ ఆయన్ని డిప్యూటీ స్పీకర్‌గా ఎన్నుకుంది. 2016 దాకా ఆయన ఆ కుర్చీలో ఉన్నారు.